అప్‌డేట్: పెద్ద టర్బో వేయించినా నల్లపొగ వస్తున్న పాత లారీ

మా పాత డీజిల్ లారీకి పెద్ద టర్బో (పొగ వాయువు బలంతో తిరిగి ఇంజనులోకి ఎక్కువ గాలి నెట్టేది), కొత్త వేస్ట్‌గేట్ (ఆ గాలి ఒత్తిడి మితిమీరకుండా పొగ వాయువును పక్కకు వదిలే తలుపు) వేయించినా లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు నల్లపొగ ఎందుకు వస్తోందని అడిగాను కదా. ఇంజనుకు వెళ్లే డీజిల్‌ను దాని పంపులో తగ్గించమని చాలామంది చెప్పారు. ముందు బూస్ట్ గేజీ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి చూపే మీటరు) పెట్టి చూడమన్న ఒక్కరి మాటే నిజమైంది.

విజయవాడ ఆటోనగర్‌లో చూపించాం. టర్బో శుభ్రంగా ఉంది. వేస్ట్‌గేట్ కడ్డీ మరీ పొడవుగా అమర్చారు. దాంతో ఒత్తిడి పూర్తిగా పెరగకముందే తలుపు తెరుచుకుని, టర్బోలోని టర్బైన్ చక్రాన్ని తిప్పాల్సిన వాయువు పక్కదారిన సైలెన్సర్‌లోకి పోతోంది. గాలి చాలక డీజిల్ సగమే మండి నల్లగా కక్కుతోంది. మేస్త్రీ నట్టును కొద్దికొద్దిగా తిప్పుతూ, ప్రతిసారీ గేజీ ముల్లు చూసుకుంటూ కడ్డీ పొడవు తగ్గించారు. అతిగా బిగిస్తే ఒత్తిడి పెరిగి హెడ్ గ్యాస్కెట్ (ఇంజను హెడ్ కింద లీకు కాకుండా ఆపే పొర) పోతుందని ఆయన భయం. డబ్బు నాది కాబట్టి నాకు ఇంకా భయం!

గుంటూరు మిర్చి బస్తాలతో దోర్నాల ఘాట్ బాగానే ఎక్కింది. గేరు మార్చినప్పుడు మాత్రం కాస్త పొగ. ఎక్కాక టర్బో కాస్త చల్లారేదాకా ఇంజను ఆపవద్దన్నారు మేస్త్రీ. మా డ్రైవరు చూపు అప్పటికే టీ కొట్టు మీద ఉంది.

ఎగ్జాస్ట్ వేడి చూపే మీటరు ఇంకా పెట్టించాలి. టర్బోకు ముందా, తర్వాతా? వాడినవారు చెప్పండి.