రొట్టె ‘పట్టడమా’, ‘మార్చుకోవడమా’?

మొన్న పక్కింటి అక్క ఫోన్లో ‘ఈ ఏడు ఉద్యోగం రొట్టె వదలాల, వాడికి పెళ్ళి రొట్టె పట్టాల’ అంటుంటే విన్నాను. నెల్లూరోళ్ళకి ఇందులో వింతేం లేదు. పేపర్లో మాత్రం ఏటా ‘రొట్టెల మార్పిడి’ అనే రాస్తారు, స్వర్ణాల చెరువు దగ్గర ఆ మాట నేనెవరి నోటా వినలేదు.

తెలియనివాళ్ళ కోసం: మొహర్రం నెలలో నెల్లూరు స్వర్ణాల చెరువు ఒడ్డునున్న బారాషహీద్ దర్గా దగ్గర జరిగేదే రొట్టెల పండగ. కోరిక తీరినవాళ్ళు చెరువు నీళ్ళలో నిలబడి, తలకి కొంగు కప్పుకుని, చేతిలో రొట్టె ఎత్తి చూపిస్తూ ‘చదువు రొట్టె’, ‘ఇల్లు రొట్టె’, ‘వీసా రొట్టె’ అని పిలుస్తుంటారు. అదే కోరిక ఉన్నవాళ్ళు వెళ్ళి అందుకుని తింటారు. ఇచ్చేది వదలడం, అందుకునేది పట్టడం. తీరాక మళ్ళీ వచ్చి వదలాలి. రెంటికీ మధ్య ఒక ఏడాదో, రెండేళ్ళో ఎదురుచూపు ఉంటుంది కదా, అది ‘మార్పిడి’లో ఎక్కడుంది? చిల్లర మార్చుకున్నట్టుంది ఆ మాట.

ఈ వదలడం ఎక్కడిది? కార్తీకంలో దీపాలు వదలడం లాంటిదేనా?

ఒకరి జవాబు: దీపం నీళ్ళలోకి పోతుంది, రొట్టె ఇంకొకరి చేతికి పోతుంది, కాబట్టి అది కాదనుకుంటా. నోము పట్టడం అంటాం చూడండి, ఈ పట్టడం దానికి దగ్గర. పట్టావంటే తీర్చాలన్నమాట. రోజాకి, అంటే రంజాన్ ఉపవాసానికి మాత్రం మా ఇంట్లో పట్టడం అనం, ‘రోజా ఉన్నాను’ అంటాం. పోతే బారా అంటే పన్నెండు, అక్కడున్నవి పన్నెండు మంది షహీదుల, అంటే అమరవీరుల సమాధులు. ప్రవక్త పుట్టినరోజు మిలాద్‌ని మా దాదీమా (నాన్నమ్మ) బారావఫాత్ అనేది, అందులోనూ ఇదే బారా, రబీవుల్ అవ్వల్ నెల 12. ఆమెకి నెలల అరబ్బీ పేర్లు అక్కర్లేదు, పండగలే నెలలు: మొహర్రం, తేరాతేజీ, బారావఫాత్, ఇలా వెళ్ళి షబేబరాత్, రంజాన్, ఆ రంజాన్ పండగ నెల కూడా దాటాక ఖాలీ, ఆపైన బక్రీద్. రెండు పండగల మధ్య ఏ పండగా లేదు కాబట్టి అది ఖాలీ నెల, మనం బస్సులో సీటు ఖాళీ అంటామే, ఆ మాటే!

మరొకరి జవాబు: నాదొక సందేహం. మొహర్రం పదోరోజు ఆషూరా అంటే కర్బలాలో ఇమామ్ హుస్సేన్ అమరుడైన రోజు, హిజ్రీ 61, అంటే 680. సంతాపాన్ని పండగ అనొచ్చా? మా కందుకూరు వైపు పీర్ల పండగ అనే అంటారు మరి, పీర్లు ఎత్తి గుండం తొక్కే రోజు ఊళ్ళో ఏ కులంవాళ్ళూ ఇంట్లో ఉండరు.

నా జవాబు: తెలుగులో పండగంటే సంబరమొక్కటే కాదండీ, ఊరంతా ఒకచోట చేరే రోజు కూడా. అర్థం అలా సాగింది. చాంద్రమానం కాబట్టి ఏడాదికి పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది, 2024లో ఆషూరా జూలై 17, 2025లో జూలై 6. అందుకే మా అమ్మ ప్రతిసారీ ‘ఈసారి ఎండల్లో పడిందా, వానల్లో పడిందా’ అని అడుగుతుంది.

వదలడం సంగతి ఇంకా తేలలేదు. ఈలోపు ఒకటి చెప్తాను, నవ్వకండి. పదో తరగతప్పుడు తోపులాటలో చదువు రొట్టె అనుకుని అందుకుని సగం తిన్నాక, ఇచ్చినావిడ ‘పండంటి బిడ్డ పుట్టాల నాయనా’ అనింది.