కాఫీలకి తోడు ప్రీ వర్కవుట్ పౌడర్, గుండె దడ. రోజుకి ఎంత కెఫీన్ దాకా పర్లేదు?

రాత్రి_నిద్రలేదు:
అందరికీ నమస్తే. పొద్దున లేవగానే ఒక కాఫీ, ఆఫీసులో రెండు, ఇది నాకు ఏళ్ళ తరబడి ఉన్న అలవాటే, ఎప్పుడూ ఏమీ అవలేదు. నెల కింద జిమ్‌లో చేరాక సాయంత్రం 6 గంటలకి ప్రీ వర్కవుట్ పౌడర్ (ఎక్సర్‌సైజ్‌కి ముందు ఊపు కోసం తాగేది) ఒక స్కూప్, అంటే డబ్బాలో ఇచ్చే కొలత చెంచాడు, నీళ్ళలో కలిపి తాగుతున్నా. మొన్న స్కూప్ గోపురంలా పైకి నిండుగా వచ్చింది, పోనీలే అని అలాగే కలిపేశా. అరగంట తిరగకుండా చేతివేళ్ళు వణకడం మొదలైంది, ఫోన్ పాస్‌వర్డ్ మూడుసార్లు తప్పు కొట్టా, గుండె దడదడ, రాత్రి 2 దాటినా కన్ను మూతపడలేదు. డబ్బా తిప్పి చూస్తే స్కూప్‌కి కెఫీన్ 200 మిల్లీగ్రాములు అని ఉంది, దాని కిందే గ్వారానా ఎక్స్‌ట్రాక్ట్ అని విడిగా రాశారు, దాంట్లో ఎంత కెఫీనో అంకె వెయ్యలేదు. ఇంతకీ రోజుకి ఎంత దాకా సేఫ్? ఇంకోటి, మా ఆవిడకి ఇప్పుడు అయిదో నెల, తనూ రోజూ రెండు కాఫీలు తాగుతుంది, అది ఓకేనా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఫార్మసీ_అక్క:
తమ్ముడూ, ముందు ఒక మాట. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం, దడ తగ్గకపోవడం, వీటిలో ఏది వచ్చినా ఇక్కడ పోస్ట్ పెడుతూ కూర్చోకుండా వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళు.

ఇక లెక్క. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి రోజు మొత్తం మీద 400 మిల్లీగ్రాముల దాకా పర్లేదని అమెరికా ఎఫ్‌డీఏ (అక్కడి ఆహారం, మందుల నియంత్రణ సంస్థ) అంటుంది, యూరప్ ఫుడ్ సేఫ్టీ సంస్థ 2015లో ఇచ్చిన రిపోర్ట్‌లోనూ అదే అంకె, పైగా ఒక్కసారికి 200 దాటొద్దని కూడా ఉంది. 240 ఎంఎల్ ఫిల్టర్ కాఫీలో సుమారు 95 ఉంటుంది అనుకో, మూడు కాఫీలకి 285, స్కూప్‌కి 200, అక్కడికే 485 అయింది. గోపురం స్కూప్‌లో ఎక్కువైంది వేరే, గ్వారానా వేరే. గ్వారానా అంటే ఏదో మూలిక అనుకుంటారు గానీ ఆ గింజల్లో ఉండేది కూడా కెఫీనే.

నిద్ర సంగతికొస్తే, ఒంట్లో కెఫీన్ సగం అవడానికి సగటున 5 గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. 6కి 200 పడితే 11కి ఇంకా 100 మిగిలే ఉంటుంది, అంటే ఒక కప్పు కాఫీ తాగి పక్క ఎక్కినట్టే కదా.

మీ ఆవిడకి మాత్రం లిమిట్ 200, అన్నీ కలిపి. నెలలు నిండేకొద్దీ కెఫీన్ ఒంట్లోంచి పోవడం బాగా నెమ్మదిస్తుంది, బిడ్డకి కూడా చేరుతుంది. తన డాక్టర్‌కి ఈ విషయం తప్పకుండా చెప్పండి.

పరుగు_పిచ్చి:
అక్క చెప్పింది కరెక్ట్, కానీ ఆ గోపురం స్కూప్ విషయం అంత తేలిగ్గా వదలకు బ్రో. పౌడర్‌ని కంటితో కొలవడం అంత ప్రమాదం ఇంకోటి లేదు. కొందరు చవగ్గా వస్తుందని ఉత్త కెఫీన్ పౌడర్ కొంటారు, అది ఒక టీస్పూన్ అంటే దాదాపు 3,200 మిల్లీగ్రాములు, ముప్పైకి పైగా కప్పుల కాఫీ ఒక్క గుక్కలో అన్నమాట, 1,200 గబుక్కున లోపలికి పోతేనే ఫిట్స్ రావచ్చని ఎఫ్‌డీఏ చెప్తుంది. 2014లో అమెరికాలో ఇద్దరు కుర్రాళ్ళు ఆ పౌడర్ వల్లే చనిపోయారు. కాఫీ అయితే వేడికి మెల్లగా తాగుతాం, కడుపు నిండుతుంది, ఎక్కువైతే మనమే ఆపేస్తాం, పౌడర్‌కీ టాబ్లెట్‌కీ ఆ అడ్డు ఉండదు. అంకె రాయని డబ్బా నేనైతే ముట్టను.

పాత_మెంబర్:
నాదొక అనుభవం. అప్పట్లో ఇన్ఫెక్షన్‌కి సిప్రోఫ్లాక్సాసిన్ వాడుతున్నా, రోజూ తాగే రెండు కాఫీలే, అయినా దడ, చెమటలు, ఏంటో అర్థం కాలేదు. ఆ మందు కెఫీన్‌ని విరగ్గొట్టే లివర్ ఎంజైమ్‌ని అడ్డుకుంటుందని తర్వాత డాక్టర్ చెప్పారు. గర్భనిరోధక మాత్రలు వేసుకునేవాళ్ళలో కూడా కెఫీన్ ఎక్కువసేపు ఉండిపోతుంది. కొన్ని తలనొప్పి మాత్రల్లోనే కెఫీన్ ఉంటుంది, అదీ లెక్కలో వేసుకోండి. అలాగని రేపటి నుంచి అన్నీ ఒకేసారి మానేయకు, ఒకటి రెండు రోజుల్లో తల పగిలిపోతుంది. వారానికి ఒక కప్పు చొప్పున తగ్గించు.

రాత్రి_నిద్రలేదు:
అందరికీ చాలా థ్యాంక్స్. అక్క 240 ఎంఎల్ అన్నాక అనుమానం వచ్చి ఇందాకే మా ఇంటి మగ్గులో నీళ్ళు పోసి కొలిచా, 350 పట్టింది! ఆఫీసులో మగ్గూ ఇంచుమించు అంతే. అంటే మగ్గుకి 140 దాకా, పౌడర్ లేకుండానే 400 దాటేస్తున్నా ఇన్నాళ్ళూ. మా ఆవిడ తాగేదీ అదే మగ్గు, రెండంటే 280, అది చూశాకే భయమేసింది. పౌడర్ ఆపేశా, తనకి చిన్న కప్పు తీసి పెట్టా, శనివారం చెకప్‌లో డాక్టర్‌ని అడుగుతాం. తనకి రెండో కప్పు డికాఫ్ (కెఫీన్ తీసేసిన కాఫీ) ఇస్తే పర్లేదా?

ఫార్మసీ_అక్క:
ఇవ్వొచ్చు. డికాఫ్‌లో కూడా కప్పుకి 2 నుంచి 15 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉంటుంది, అదీ కలుపుకో.