లెక్కల టీచర్లు క్లాసులో నిజంగా వాడే యాప్‌లు ఏవి?

గుంటూరు లెక్కల టీచర్ (ప్రశ్న):
అందరికీ నమస్కారం. మాది గుంటూరు పక్కన హైస్కూల్, తొమ్మిది, పది తరగతులకు లెక్కలు చెప్తాను. క్లాసులో పెద్ద టచ్ ప్యానెల్ ఉంది కానీ నెట్ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. వెతికితే బోలెడు యాప్‌లు వస్తున్నాయి, కొన్నిటికి లాగిన్, కొన్నిటికి డబ్బులు. వీడియో పెడితే పిల్లలు చూసి వదిలేస్తున్నారు, చెయ్యి కదలట్లేదు. బహుపదుల గ్రాఫులకీ వృత్తాల సిద్ధాంతాలకీ ఫ్రీగా, వీలైతే నెట్ లేకుండా పనిచేసేవి, మీరు స్వయంగా వాడినవి చెప్పండి.

పటమట మేడమ్:
సార్, గ్రాఫులూ జ్యామితి బొమ్మలూ గీసే జియోజీబ్రా అనే సాఫ్ట్‌వేర్ ఉంది, ముందు అదొక్కటి పట్టుకోండి, మిగతావి తర్వాత. 2001లో ఆస్ట్రియాలో మార్కస్ హోహెన్‌వార్టర్ మొదలుపెట్టింది, బడిలో పాఠానికి వాడితే పైసా కట్టక్కర్లేదు, ల్యాప్‌టాప్‌లో ఒకసారి వేసుకుంటే నెట్‌తో పని లేదు. వై = ఏ ఎక్స్ స్క్వేర్ + బీ ఎక్స్ + సీ అని టైప్ చేస్తే చాలు, ఏ, బీ, సీ మూడిటికీ స్లయిడర్లు, అంటే విలువ మార్చడానికి జరిపే మీటలు, వాటంతట అవే వస్తాయి. 'సీ'ని జరపమని ఒక పిల్లనో పిల్లాణ్ణో పిలవండి. గ్రాఫ్ పైకి పోతూ ఎక్స్ అక్షాన్ని రెండు చోట్ల ఖండిస్తుంది, తర్వాత ఒక్కచోట తాకుతుంది, ఆపైన అసలు తగలదు. శూన్యాలు (గ్రాఫ్ ఎక్స్ అక్షాన్ని తగిలే చోట్లు) ఎన్ని అన్నది పిల్లలే అరిచి చెప్తారు. కానీ జరిపే ముందు ఏమవుతుందో నోట్‌బుక్‌లో రాయించండి, అది లేకపోతే ఇదీ వీడియో లాగే అయిపోతుంది. 'బీ'ని చివరికి ఉంచండి. గ్రాఫ్ పక్కకి జరుగుతుందని అందరూ అనుకుంటారు, తీరా చూస్తే పక్కకీ జరుగుతుంది, పైకీ కిందకీ కూడా పోతుంది. శీర్షానికి (గ్రాఫ్ వంపు తిరిగే కొనకి) ట్రేస్, అంటే జాడ గీసే ఆప్షన్, పెట్టి చూడండి, అది నడిచిన దారి తలకిందులైన ఇంకో పరావలయం!

తెనాలి మాస్టారు:
మేడమ్ గారు చెప్పింది నిజం. వృత్తాల దగ్గర ఒక్క జాగ్రత్త. జియోజీబ్రా కోణాన్ని గడియారం ముల్లుకి ఎదురుదిశలో కొలుస్తుంది కాబట్టి బిందువులు నొక్కే వరస మారితే 70 డిగ్రీలకి బదులు 290 చూపిస్తుంది, పిల్లలు తికమకపడతారు. సెట్టింగ్స్‌లో 0 నుంచి 180 అని పెట్టుకోవచ్చు, కానీ కేంద్రం దగ్గర కోణం పరిధి మీద కోణానికి రెట్టింపు అని చూపించే రోజు మాత్రం పెట్టొద్దు. పరిధి మీద బిందువుని చిన్న చాపం మీదకి లాగినప్పుడు కేంద్రం దగ్గర 180 దాటిన కోణమే తీసుకోవాలి, అక్కడ సిద్ధాంతం నిలబడేది దానితోనే.

మంగళగిరి నుంచి:
ఫోన్లో చటుక్కున గ్రాఫ్ కావాలంటే డెస్మాస్ అనే గ్రాఫ్ యాప్ నాకు ఇంకా సులువు. చిన్న క్లాసులకి భిన్నాలు చెప్పాలంటే కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ (PhET) చూడండి, పిల్లలు తామే కదిపి చూసే బొమ్మల ప్రయోగాలు అవి, కొన్ని తెలుగులో కూడా ఉన్నాయి, ఇంట్లో డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్తే బడిలో బ్రౌజర్‌లోనే తెరుచుకుంటాయి.

గుంటూరు లెక్కల టీచర్:
చాలా థాంక్స్ అండీ. జియోజీబ్రాతోనే మొదలుపెడతాను. ప్రశ్నపత్రం టైపింగ్‌కి ఏం వాడుతున్నారు? వర్గమూలాలు, భిన్నాలు కొట్టడానికే పొద్దుపోతోంది.

పటమట మేడమ్:
వర్డ్‌లో ఆల్ట్ పట్టుకుని ఈక్వల్ నొక్కండి, సమీకరణం బాక్స్ వస్తుంది. అందులో 3/4 కొట్టి స్పేస్ ఇస్తే భిన్నం నిలువుగా మారిపోతుంది. బొమ్మలు జియోజీబ్రా నుంచే ఇమేజ్‌గా తీసి పెట్టేయండి సార్.