పొంచి నడిచే చిరుత మట్టిలో ఎందుకు కదలట్లేదు?

మట్టివేళ్లు:
పెయింటింగ్ చాలాకాలంగా వేస్తున్నా, శిల్పం కొత్త. కాన్వాస్ మీద చిరుత బాగానే వస్తోంది, అదే మట్టిలోకి వచ్చేసరికి గడ్డి కూరిన బొమ్మలా బిగుసుకుపోతోంది. ఫోటోలు బోలెడున్నాయి, వెంట్రుకలు కూడా ఓపిగ్గా చెక్కుతున్నాను. తేడా ఎక్కడ కొడుతోందంటారు?

నీలిరంగు:
ముందు ఆ వెంట్రుకలు ఆపండి బాబూ! పెయింటింగ్‌లో వెలుగునీడలు మీ చేతిలో ఉంటాయి, శిల్పంలో ఆ పని గదిలోని లైటు చూసుకుంటుంది, మీరు చెక్కిన ప్రతి గీతా ఓ చిన్న నీడ పడేసి అసలు రూపాన్ని కప్పేస్తుంది. ఫ్రాన్స్‌వా పొంపోన్ అనే ఫ్రెంచి శిల్పి 1922లో పారిస్‌లో ప్రదర్శించిన తెల్ల ఎలుగుబంటి చూడండి. ఒళ్లంతా నునుపే, అయినా నడుస్తూనే ఉంటుంది. ఆయన ముందు వివరాలన్నీ పెట్టి, తర్వాత అక్కర్లేనివి తీసేసుకుంటూ వెళ్లేవాడు.

ఎముకలగూడు:
నునుపు సరే గానీ, లోపల ఎముక తప్పితే పైన ఎంత నున్నగా ఉన్నా లాభం లేదు. చిరుత ముందుకాళ్లు వెన్నుకి ఎముకతో అతుక్కుని ఉండవు, ఒంటిని మోసేది కండరాలే. అందుకే పొంచి నడిచేటప్పుడు బరువు పడిన వైపు భుజం పలక వెన్ను గీతని దాటి పైకి పొడుచుకొస్తుంది, గాల్లో ఉన్న కాలి వైపుది కిందకి జారుతుంది. మీ బొమ్మలో రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయేమో చూడండి. ఇంకోటి, వెనక కాలికి వెనక్కి వంగినట్టు కనబడేది మడమ, మోకాలు కాదు. మోకాలు పైన, పొట్ట పక్కన ఉంటుంది.

చెట్టునీడ:
ఫోటోలు కూడా పక్కన పెట్టమంటాను. ఫోటో ఒక్క కోణం చూపిస్తుంది, మిగతా వైపులు మనం ఊహించి నింపేస్తాం, పెయింటింగ్‌లో అది చెల్లుతుంది, ఇక్కడ చుట్టూ తిరిగి చూస్తారు కదా. రెంబ్రాంట్ బుగాట్టి అనే ఇటలీ శిల్పి ఆంట్‌వెర్ప్ జూలో జంతువు ఎదురుగానే, ఎండిపోని మెత్తటి మట్టిలాంటి ప్లాస్టిలిన్‌తో చేసేవాడు. అది కుదరకపోతే వీడియో స్లోగా పెట్టుకుని, ఏ కాలి మీద బరువుందో అదొక్కటే చూస్తూ చిన్న చిన్న మట్టి స్కెచ్‌లు చేయండి. మొహం జోలికి అప్పుడే వెళ్లకండి.

మట్టివేళ్లు:
థాంక్సండీ. మరి మచ్చలు? అవి లేకపోతే చిరుత అని ఎవరు గుర్తుపడతారు?

ఎముకలగూడు:
పొడవు తోక, పొట్టి కాళ్లు, బలమైన మెడ సరిగ్గా కుదిరితే గుర్తుపడతారు. అంతగా కావాలంటే కంచులో పోతపోశాక పటీనా (రసాయనాలతో కంచు పైపొరకి రంగు తెప్పించడం) వేసేటప్పుడు రంగుతో తెప్పించండి, మట్టిలో మాత్రం గుంటలు పెట్టకండి.