నాలుగు భాషల ఇంట్లో పెరిగే పిల్లకు మర్యాద ఏ భాషలో నేర్పాలి?

ప్రశ్న (నారాయణపేట నుంచి ఒక తల్లి)

నేను దేవరకొండ వైపు పుట్టి నారాయణపేటకు కోడలుగా వచ్చాను. మా అత్తమామలు ఇంట్లో కన్నడం మాట్లాడుతారు, నాది తెలుగు, ఎదురింటి వారిది ఉర్దూ, ఏడేండ్ల మా పాప చదివేది ఇంగ్లీషు మీడియంలో. కిందటి నెల హైదరాబాదు నుంచి మా బావగారి కుటుంబం వచ్చినప్పుడు పాప కుడిచేత్తో మంచినీళ్ల చెంబు పట్టుకొని, ఎడమ అరచేతిని దాని కింద ఆనించి, “పెద్దనాయనా, నువ్వు తాగు” అన్నది. మా తోటికోడలు అందరి ముందూ “పెద్దవాళ్లను మీరు అనాలని ఈ పిల్లకు ఎవరూ చెప్పలేదా?” అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది, పాప ఆ పూటంతా గది నుంచి బయటికి రాలేదు. బడిలో ఈ మాట చెప్పుకుంటే, ఇన్ని భాషల మధ్య పిల్ల తికమక పడుతున్నదని, ఇంట్లో ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడమని టీచరు సలహా ఇచ్చారు. అట్లా చేస్తే మొదట ఆగిపోయేది మా అత్తమ్మ కన్నడమే. అది నాకు మనసొప్పడం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1 (మక్తల్, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు)

అమ్మా, మీ ఇంట్లో నాలుగు భాషలు ఉండడం కొత్తగా వచ్చిన చిక్కు కాదు, ఈ నేల తీరే అది. 1956 నవంబరు 1కి ముందు గద్వాల, ఆలంపూర్ తాలూకాలు రాయచూరు జిల్లాలో, కొడంగల్ తాలూకా గుల్బర్గా జిల్లాలో ఉండేవి. భాషను బట్టి రాష్ట్రాలను విడదీసినప్పుడు అవి మహబూబ్‌నగర్ జిల్లాలో కలిశాయి గాని, పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు, సంతలు, జాతరలు ఆ గీత దగ్గర ఆగలేదు.

ఇక ‘నువ్వు’ సంగతి. మన పల్లెల్లో అమ్మను, నాయనను, మేనమామను ‘నువ్వు’ అనే పిలుస్తారు, అందులో అగౌరవం లేదు, ఎందుకంటే గౌరవాన్ని ‘పెద్దనాయనా’ అన్న వరుసే మోస్తుంది. మరాఠీ ఇండ్లలో పిల్లలు తల్లిని ‘తూ’ అంటారు, ఉర్దూ ఇండ్లలో చాలామంది ‘ఆప్’ అంటారు. ఈ ఇద్దరిలో ఎవరికి తల్లి మీద గౌరవం ఎక్కువో ఆ మాటను బట్టి తేల్చలేము. మీ పాప చెంబు కింద అరచేయి ఆనించి ఇచ్చిందని మీరే రాశారు. ఆమె చూపవలసిన మర్యాద అంతా ఆ చేతిలో ఉన్నది, చూడవలసిన వారు చూడలేదు. అతిథిగా వచ్చి ఆ ఇంటి పిల్లను నలుగురిలో తప్పుపట్టడం మాత్రం నా దృష్టిలో అసలైన మర్యాద తప్పడమే.

ఒక్కో మర్యాద ఒక్కో భాషలో ఒదిగి ఉంటుంది, దాన్ని పెకిలించి ఇంకో భాషలో నాటితే బతకదు. సెలవు తీసుకునేటప్పుడు మనం ‘పోయొస్త’ అంటాము, కన్నడంలో ‘బర్తీని’, మరాఠీలో మగవారు ‘యేతో’, ఆడవారు ‘యేతే’ అంటారు. ఉత్తగా ‘పోతున్న’ అనడం ఎక్కడా బాగుండదు. నేను పనిచేసిన బడిలో ఒక పిల్లవాడు సాయంత్రం సంచి భుజానికి వేసుకొని, తన ఇంటి అలవాటు కొద్దీ ఇంగ్లీషులో “ఐ విల్ కమ్ సార్” అన్నాడు. కొత్తగా వచ్చిన మాస్టారు “ఎక్కడికి వస్తావు?” అని గద్దించారు. వాడికి ఇంగ్లీషు రాక కాదు, ‘పోతాను’ అనడానికి నోరు రాక.

ఒక వాక్యంలో రెండు భాషలు కలపడం బహుభాషా ఇండ్లలో పెరిగే పిల్లలకు సహజం, దాన్ని తికమక అనకూడదు. 2020 జాతీయ విద్యావిధానం కూడా వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలో బోధించాలనే సూచించింది. కాబట్టి కన్నడం మానిపించకండి. పట్నం చుట్టాలు ‘మీరు’ అంటేనే సంతోషిస్తారని, వారు వచ్చే ముందు రోజు పాపకు విడిగా చెప్పండి; పిల్లలు ఆ తేడాను మనకంటే త్వరగా పట్టుకుంటారు.

జవాబు 2 (మహబూబ్‌నగర్, నర్సు)

అక్కా, నేను తండాలో పుట్టినదాన్ని. బడివారి మాట విని మా బాబుతో లంబాడీ మాట్లాడడం మానేశాను. ఇప్పుడు వాడికి పన్నెండేండ్లు. మా అమ్మ వస్తే ‘యాడి’ (అమ్మ) అనే ఒక్క మాట తప్ప ఆమెతో మాట్లాడడానికి వాడి దగ్గర ఏమీ లేదు. ఆమె వాడి వీపు నిమురుతూ నా ముఖం చూస్తుంది. మా భాషకు సొంత లిపి లేదు గనుక పెద్దయ్యాక పుస్తకం తెరిచి నేర్చుకుంటాడన్న ఆశ కూడా తక్కువ. మీరు ఆ పని చేయకండి.

జవాబు 3 (నల్లగొండ)

సోదరీ, మా ఇంట్లో ఉర్దూ మాట్లాడుతాము, నా అనుభవం దీనికి తలకిందులు. మా అమ్మాయి ‘ఆప్’ అలవాటుతో తెలుగులోనూ అందరినీ ‘మీరు’ అంటుంది. పక్కింటి అవ్వ అన్నం పెడుతూ “మీరు అంటున్నవు, నేను పరాయిదాన్నా బిడ్డా?” అని నొచ్చుకున్నది. పైగా మా పిల్ల మొదటిసారే ‘వద్దు’ అని చేయి అడ్డం పెట్టింది. మొదటి ‘వద్దు’ను వద్దుగా తీసుకోకుండా ఇంకో గరిటె వడ్డించడం ఆ ఇంటి ప్రేమ అని తనకు తరువాత తెలిసింది. మాస్టారుగారి మాటకు నేను ఒక్కటి చేర్చుతాను: ‘మీరు’ ఎక్కడ అనాలో నేర్పినట్టే, ఎక్కడ అనకూడదో కూడా నేర్పాలి.

ప్రశ్న అడిగిన తల్లి

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారుగారి జవాబు చదివాక, చెంబు కింద చేయి పెట్టడం ఎవరు నేర్పారని పాపను అడిగాను. “అజ్జి” అన్నది. నేను నేర్పలేదు, అది మా అత్తమ్మ కన్నడంతో పాటే వచ్చింది. సోమవారం బడికి వెళ్లి, ఇంట్లో మా భాషలు కొనసాగుతాయని టీచరుకు నేనే చెప్పి వస్తాను.