విమ్ టెక్స్ట్ ఎడిటర్‌లో ఫైలు తెరిచేటప్పుడే కావలసిన వరుసకు వెళ్లడం, పొరపాటున మార్చకుండా చూసుకోవడం ఎలా?

ప్రశ్న

మిత్రులకు నమస్కారం. మా లినక్స్ సర్వర్‌లో ఒక కాన్ఫిగరేషన్ ఫైలును రోజుకు పదిసార్లయినా తెరిచి చూడవలసి వస్తోంది. ఎర్రర్ సందేశంలో 214వ వరుస అని వస్తే, ఫైలు తెరిచాక 214 కొట్టి క్యాపిటల్ జి నొక్కి అక్కడికి వెళ్తున్నాను. మొన్న అలా చూస్తుండగా డి మీట రెండుసార్లు నొక్కుకుపోయి ఒక వరుస ఎగిరిపోయింది. అలవాటు కొద్దీ సేవ్ చేసి బయటికి వచ్చేశాను కనుక, మర్నాడు సర్వీసును రీస్టార్ట్ చేసినప్పుడు గానీ సంగతి బయటపడలేదు. తెరిచే కమాండ్‌లోనే ఈ రెండింటికీ ఏర్పాటు చేసుకోవచ్చా?

జవాబు 1

చేసుకోవచ్చండి. ఫైలు పేరుకు ముందు +214 అని ఇస్తే కర్సర్ నేరుగా ఆ వరుస మీద ఉంటుంది. అంకె లేకుండా ప్లస్ ఒక్కటే ఇస్తే చివరి వరుసకు వెళ్తుంది. ప్లస్ పక్కనే / గుర్తు పెట్టి ఒక మాట రాస్తే, ఆ మాట మొదట కనిపించిన చోటికి వెళ్తుంది. అయితే వెతికే మాటల మధ్య ఖాళీ ఉన్నప్పుడు మొత్తాన్నీ కోట్స్‌లో పెట్టకపోతే, రెండో మాటను విమ్ ఇంకో ఫైలు పేరనుకుంటుంది. ఇక మార్పుల సంగతికి వస్తే, హైఫన్ తర్వాత క్యాపిటల్ ఆర్ ఇవ్వండి, ఫైలు రీడ్-ఓన్లీగా తెరుచుకుంటుంది. స్మాల్ ఆర్ ఇవ్వకండి, అది స్వాప్ ఫైలు (ఎడిట్ చేస్తున్నప్పుడు విమ్ రాసుకునే తాత్కాలిక ఫైలు) నుంచి పోయిన పనిని తిరిగి తెచ్చుకోవడానికి ఉద్దేశించినది.

జవాబు 2

పై జవాబు సరైనదే కానీ, క్యాపిటల్ ఆర్ మీద అంత భరోసా పెట్టుకోవద్దని నా మనవి. అది ఒక హెచ్చరిక చూపిస్తుందే తప్ప వరుసను చెరపకుండా ఆపదు, సేవ్ చేసే కమాండ్ చివర ఆశ్చర్యార్థకం తగిలిస్తే రాసేస్తుంది కూడా. విసుగులో ఆ గుర్తు కొట్టేవాళ్లం మనలో చాలామందిమే. మీకు కావలసింది క్యాపిటల్ ఎం. దానితో తెరిస్తే, మీరుగా సెట్టింగ్ మార్చుకుంటే తప్ప, ఎడిట్ చేయడమూ కుదరదు, సేవ్ చేయడమూ కుదరదు. అన్నిటికన్నా ముందు, చూడటానికి వెళ్లేటప్పుడు సుడో (అడ్మిన్ హక్కులతో కమాండ్ నడిపే పద్ధతి) వాడటం మానేయండి. ఫైలు రూట్ (అడ్మిన్ ఖాతా) పేరున ఉండి, ఆ డైరెక్టరీలో మీకు రాసే హక్కు లేకపోతే ఆశ్చర్యార్థకం కూడా ఏమీ చేయలేదు.

జవాబు 3

బ్యాకప్ ఉంటే హైఫన్, స్మాల్ డి ఇచ్చి పాత ఫైలు, కొత్త ఫైలు రెండింటి పేర్లూ రాయండి. రెండూ పక్కపక్కన తెరుచుకుని, తేడా ఉన్న వరుసలు రంగు మారి కనిపిస్తాయి; మీ పోయిన వరుస ఆ రోజే దొరికి ఉండేది. కేవలం చదవడానికే అయితే, లెస్ కమాండ్ చాలు కదా? ప్లస్ పెట్టి వరుస సంఖ్య ఇస్తే అదీ అక్కడికే తీసుకువెళ్తుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. లెస్‌లో నాకు విమ్ రంగులు ఉండవు కనుక, క్యాపిటల్ ఎంతో ఒక అలియాస్ (కమాండ్‌కు పెట్టుకునే పొట్టి పేరు) రాసి బ్యాష్ షెల్ సెట్టింగుల ఫైలులో పెట్టుకున్నాను. పరీక్షించడానికి 214వ వరుస మీద కావాలనే డి రెండుసార్లు నొక్కాను. మాడిఫయబుల్ ఆఫ్‌లో ఉందని కింద ఎర్రగా వచ్చింది, వరుస అక్కడే ఉంది.