అప్‌డేట్: చైనా కుటుంబాల కథలు – ఏం చదివామంటే

మా అమ్మాయి స్నేహితురాలి కుటుంబం చైనా నుంచి అమెరికా వచ్చింది. అలాంటి ఇళ్లలో పెరిగే పిల్లల కథలు చెప్పమని మొన్న అడిగాను. పేర్లు సూచించిన అందరికీ థ్యాంక్స్.

ముందు ఆండ్రియా వాంగ్ ‘వాటర్‌క్రెస్’ చదివాం. ఒహాయోలో రోడ్డు పక్క కాలువలో అమ్మానాన్నలు వాటర్‌క్రెస్ అనే ఆకుకూర కోస్తుంటే కూతురు సిగ్గుతో ముడుచుకుపోతుంది. ఆ కూర ముట్టనంటుంది. అప్పుడు అమ్మ పాత ఫొటో తెచ్చి, చైనాలో తన చిన్ననాటి కరువు గురించీ, ఆకలికి పోయిన తమ్ముడి గురించీ చెబుతుంది. అక్కడ నా గొంతు పూడుకుపోయింది. ఇందులో జేసన్ చిన్ వేసిన బొమ్మలకు 2022లో కాల్డెకాట్ మెడల్ (పిల్లల బొమ్మల పుస్తకాలకు అమెరికాలో ఇచ్చే బహుమతి) రావడం పూర్తిగా న్యాయం.

కాస్త పెద్ద పిల్లలకైతే కెల్లీ యాంగ్ ‘ఫ్రంట్ డెస్క్’. అమ్మానాన్నలు మోటెల్ గదులు శుభ్రం చేస్తుంటే పదేళ్ల మియా కౌంటర్ చూసుకుంటుంది. మా అమ్మాయి ఇప్పుడు దాన్ని వదలడం లేదు.